విత్తనం చేతులు మారితేనే బతుకుతుంది



పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి. చదివినాక మీ గూడెంలోనో తండాలోనో ఒక్కరితోనైనా దీని గురించి మాట్లాడండి.

నంద్యాలలో చదువుకునే మనందరికీ తెలిసిన సంగతే, ఇది విత్తనాల ఊరు. బజారుకు పోతే పత్తి, మొక్కజొన్న, మిరప, కూరగాయలు అన్నింటికీ రంగురంగుల ప్యాకెట్లు. వందేళ్ళు దాటిన వ్యవసాయ పరిశోధనా స్థానం ఇక్కడే ఉంది. 'నరసింహ' అని పేరుమోసిన పత్తి రకం ఇక్కడి నుంచే రైతుల చేతికి వచ్చింది. నంద్యాల, ఆళ్ళగడ్డ చుట్టుపక్కల సీడు పత్తి చేన్లు ఏళ్ళ తరబడి నడిచాయి. సాయంత్రం పూట మొగ్గ విప్పి మగ భాగం గిల్లేయడం, మర్నాడు పొద్దున్నే ఇంకో చెట్టు పువ్వు తెచ్చి పుప్పొడి అద్దడం, దాన్నే మనవాళ్ళు 'క్రాసింగ్' అంటారు. ఆ పని చేసినవాళ్ళు ఎవరు? పేద ఇళ్ళ ఆడవాళ్ళు, బడి మానుకున్న ఆడపిల్లలు. అందులో మన తండాల అక్కలు, ఎస్సీ కాలనీల అక్కలు ఎంతమందో.

అంటే దేశానికి విత్తనం చేసిపెట్టిన చేతులు మన ఇళ్ళలోనే ఉన్నాయి. కానీ ఈరోజు మన కాలనీల్లో తిరిగి చూడండి. ఎన్ని ఇళ్ళ మీద సొరపాదు ఉంది? ఎన్ని దడులకు చిక్కుడు తీగ పాకింది? నాలుగు బెండ గింజలు పెట్టాలన్నా ప్యాకెట్ కోసం కొట్టుకు పోతున్నాం. మా అభిప్రాయం సూటిగా చెప్తున్నాం: ప్రతి గిరిజన ఇంటికీ ఒక పెరటి తోట ఉండాలి, ఆ తోట కొన్న ప్యాకెట్లతో కాదు, ఒకరి దగ్గర ఒకరు అడిగి తెచ్చుకున్న గింజలతో, కొమ్మలతో, పిలకలతో మొదలు కావాలి. ఆ పని మొదలుపెట్టాల్సింది విద్యార్థులమైన మనమే.

పెరడు ఎందుకు అంటారా? మొదటిది తిండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇది రాష్ట్రం మొత్తం లెక్క. మన ఇళ్ళలో ఎట్లా ఉందో మన అమ్మల మొహాలు చూస్తే తెలుస్తుంది. ఐరన్ మాత్రలు వద్దని మేము అనడం లేదు, ఇచ్చినవి మింగాల్సిందే. కానీ ఇంటి వెనక గోంగూర, మునగాకు, తోటకూర, బచ్చలి ఉంటే వారంలో నాలుగు రోజులైనా ఆకుకూర పొయ్యెక్కుతుంది. చేతిలో డబ్బులుంటేనే కూర అనే పరిస్థితి పోతుంది. కూలి లేని రోజున కూడా సంగటిలోకి ఏదో ఒకటి ఉంటుంది.

రెండోది, విత్తనం మనకు కొత్త కాదు. గోదావరి వైపు కోయ అన్నదమ్ములు విత్తే ముందు విజ్జా పండుం, అంటే విత్తనాల పండగ చేసుకుంటారు. లంబాడీ తండాల్లో తీజ్ పండగకు పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచుతారు. చెంచు పెద్దలు అడవిలో గడ్డ తవ్వుకున్నాక తీగ మొదలును మళ్ళీ మట్టిలో కప్పి వచ్చేవాళ్ళు, మళ్ళీ ఊరాలని. చదువు రాని అవ్వలకు ఇదంతా తెలుసు. పుస్తకాలు చదివే మనకు తెలియకపోతే నష్టం మనకే.

అసలు విత్తనం ఎట్లా అంతరిస్తుంది? ఎవరో వచ్చి ఎత్తుకుపోవాల్సిన పనిలేదు. ఒక్క ఇంట్లోనే ఉంటే చాలు. ఆ ఇంట్లో అవ్వ పోతుంది, లేదా ఒక ఏడు పురుగు పడుతుంది, లేదా కుటుంబం గుంటూరు మిరప చేన్లకు వలస పోయి తిరిగొచ్చేసరికి అదను దాటిపోతుంది. అంతే, ఆ చిక్కుడు రకం ఇక లేదు. అదే గింజ పది ఇళ్ళలో ఉంటే ఒక ఇంట్లో పోయినా తొమ్మిది ఇళ్ళలో దొరుకుతుంది. దాచుకున్నోళ్ళ కంటే పంచినోళ్ళ దగ్గరే విత్తనం భద్రంగా ఉంటుంది.

ఆళ్ళగడ్డ వైపు వాళ్ళకు ఒక మాట చెప్తే వెంటనే అర్థమవుతుంది. సంక్రాంతి తర్వాత అహోబిలం స్వామి పారువేటకు బయల్దేరి సుమారు నలభై రోజులు ఊరూరా తిరుగుతాడు. మన చెంచులక్ష్మి మొగుడు కాబట్టి చెంచులకు ఆ ఉత్సవంలో మర్యాద ఉంది. దేవుడే గుడిలో కూర్చోకుండా ఊర్లు తిరుగుతుంటే, విత్తనం ఒక్క ఇంట్లో డబ్బాలో కూర్చుంటే ఎట్లా? అది కూడా తిరగాలి.

ఇది జరిగే పనేనా అని అనుమానం ఉన్నవాళ్ళు ముగ్గురిని చూడండి. మహారాష్ట్ర అకోలే తాలూకాలో రాహీబాయి పోపెరే, మహాదేవ్ కోలీ ఆదివాసీ మహిళ, బడికి పోలేదు. ఇంటి దగ్గరే నాటు విత్తనాల బ్యాంకు పెట్టి చుట్టుపక్కల ఆడవాళ్ళకు పంచింది. 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మన అల్లూరి జిల్లాకు ఆనుకునే ఉన్న ఒడిశా కొరాపుట్‌లో కమలా పూజారి, పరోజా ఆదివాసీ, నాటు వరి రకాలు కాపాడింది. 2019లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూసింది. మన తెలుగు నేల మీదే జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో, ఎక్కువమంది దళిత మహిళలే, ఊరూరా విత్తనాలు దాచి ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు. పాత పంటల జాతర అని బండ్ల మీద విత్తనాలు పెట్టుకొని ఊర్లు తిరుగుతారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ళ ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వీళ్ళెవరూ పెద్ద పెట్టుబడితో మొదలుపెట్టలేదు, గుప్పెడు గింజలతో మొదలుపెట్టారు.

కొంతమంది తమ్ముళ్ళకు ఇంకో భయం ఉంటుంది, విత్తనాలు పంచితే కంపెనీ వాళ్ళు కేసు పెడతారేమోనని. చట్టం తెలుసుకోండి. 2001లో పార్లమెంటు చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తాను పండించిన దాన్ని విత్తనంగా దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఆ చట్టం కింద రిజిస్టర్ అయిన రకమైనా సరే. బ్రాండు పేరు వేసి అమ్మడం ఒక్కటే కూడదు. 2019లో గుజరాత్‌లో బంగాళదుంప రైతుల మీద పెప్సికో కేసులు వేసింది. దేశమంతా గొడవ అయ్యేసరికి అదే ఏడాది వెనక్కి తీసుకుంది. ఆ రైతులకు అండగా నిలిచింది ఈ సెక్షనే. రిజర్వేషన్ జీవోలు, అటవీ హక్కుల చట్టం ఎట్లా గుర్తు పెట్టుకుంటామో దీన్నీ అట్లాగే గుర్తు పెట్టుకోవాలి.

ఇక పనిలోకి వద్దాం. ఏది పంచాలి, ఎట్లా పంచాలి?

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు చిక్కుడు, అలసంద, గోరుచిక్కుడు, నాటు టమాటాతో మొదలుపెట్టండి. ఇవి ఎక్కువగా తమ పువ్వులో తామే గింజ కడతాయి, కాబట్టి తల్లి ఎట్లా ఉందో పిల్ల దాదాపు అట్లాగే వస్తుంది. హైబ్రిడ్ ప్యాకెట్ మొక్క నుంచి తీసిన గింజ మాత్రం పంచొద్దు. మరుసటి ఏడు ఒక మొక్క ఒక రకంగా, ఇంకో మొక్క ఇంకో రకంగా వస్తుంది, తీసుకున్నోళ్ళు మనల్ని తిట్టుకుంటారు.

సొర, బీర, కాకర, గుమ్మడిలో ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు. తేనెటీగలు వచ్చి కలుపుతాయి. దగ్గర దగ్గరగా రెండు రకాల గుమ్మడి ఉంటే గింజ కలగాపులగం అవుతుంది. దానికి ఉపాయం మన అక్కలకు కొత్తగా నేర్పాల్సిన పనిలేదు. రేపు విచ్చుకునే ఆడమొగ్గకూ మగమొగ్గకూ సాయంత్రం దారం కట్టేయాలి, పొద్దున్నే విప్పి పుప్పొడి అద్ది ఆడపువ్వుకు మళ్ళీ దారం కట్టాలి. సీడు చేన్లో కూలికి చేసిన క్రాసింగే ఇది. ఈసారి మన పెరట్లో, మన విత్తనం కోసం. ఇంకో జాగ్రత్త: సొరకాయ గానీ బీరకాయ గానీ చేదుగా ఉంటే తినకూడదు, ప్రాణం మీదికి రావచ్చు. దాని గింజ విత్తనానికీ ఉంచకూడదు.

కొన్ని గింజతో పనిలేనివి. మునగ కొమ్మ నాటితే బతుకుతుంది. కరివేపాకు మొదట్లో వచ్చే పిలక, అరటి పిలక, చేమగడ్డ, బచ్చలి తీగ ముక్క, మల్లె అంటు ఇవన్నీ సంచిలో పెట్టుకొని బస్సులో తీసుకుపోవచ్చు. దొండ మాత్రం కాయ కాసే తీగ నుంచే ముక్క తీసుకోవాలి. అందులో ఆడతీగ, మగతీగ వేరు, గింజ వేస్తే మగది వచ్చి కాయే కాయకపోవచ్చు. తెగులు పట్టిన మొక్క నుంచి గింజ గానీ కొమ్మ గానీ ఎవరికీ ఇవ్వొద్దు. అడవి మొక్కల్ని వేళ్ళతో పెరికి తెచ్చి పంచడం కూడా మన పద్ధతి కాదు.

గింజ బాగా ఎండాలి, పంటి కింద పెడితే కటుక్కుమనాలి. ఆరిన బూడిద కలిపి, మూత గట్టిగా ఉండే డబ్బాలోనో ఎండిన సొరబుర్రలోనో దాచండి. కాగితం పొట్లం మీద మూడు సంగతులు రాయండి: ఏ గింజ, ఎవరింటిది, ఏ నెలలో తీసింది. పేరు మీ ఇంటి భాషలోనే రాయండి, గోర్ బోలీ అయినా, ఎరుకల మాట అయినా సరే. ఆ పేరుతో పాటు దాన్ని ఎట్లా వండుతారో అవ్వను అడిగి తెలుసుకోండి. తినడం మానేసిన కూర విత్తనం ఎక్కువ రోజులు నిలవదు.

ఇప్పుడు అభ్యంతరాలు. "చదువుకునేది మళ్ళీ మట్టి పిసుక్కోడానికా?" అని కొందరు అంటారు. మేము ఉద్యోగం మానుకోమనడం లేదు. గ్రూప్స్‌కి చదవండి, డీఎస్సీ రాయండి. పెరడుకు రోజుకు పావుగంట చాలు. "కోతులు, మేకలు బతకనివ్వవు" అంటారు. నిజమే, అహోబిలం, మహానంది వైపు గూడేల్లో ఇది చిన్న సమస్య కాదు. మేకలకు కంప కట్టాలి. కోతులు అంతగా ముట్టని మిరప, కాకర, చేమ, కంద లాంటివాటితో మొదలుపెట్టాలి. "ఎండాకాలం తాగడానికే నీళ్ళుండవు" అంటారు. గిన్నెలు కడిగిన నీళ్ళు అరటికి, కందకు మళ్ళించండి, మిగతా తోటను వానలతో మొదలుపెట్టి ఎండాకాలానికి గింజ రూపంలో దాచుకోండి.

"మాకు జాగా ఏది?" అనే ప్రశ్న మాత్రం న్యాయమైనది. 2023లో మొదలైన పీఎం జన్‌మన్ కింద చెంచు గూడేలకు పక్కా ఇళ్ళు వస్తున్నాయి. ఇల్లు అంటే నాలుగు గోడలు, స్లాబు మాత్రమే కాదు, వెనక నాలుగు పాదులకు చోటు కూడా. లేఅవుట్ వేసేటప్పుడే పెరడుకు జాగా వదలమని గ్రామసభలో అడగాలి. కట్టేశాక అడిగితే లాభం లేదు. ఆ అర్జీ రాసిపెట్టే పని చదువుకున్న మనది.

చివరగా కొంచెం చేదు మాట. మన గ్రూపులోనే వర్గీకరణ మీద, ఎవరు అసలు గిరిజనులు అనే దాని మీద ఎన్నిసార్లు మాటలు పడ్డామో అందరికీ తెలుసు. ఆ చర్చ ఎక్కడ జరగాలో అక్కడ జరుగుతుంది. కానీ తండా చిక్కుడు గూడెంలో మొలిచినా, గూడెం గుమ్మడి ఎరుకల ఇంటి మీద పాకినా ఎవరి వాటా తగ్గదు. చెంచు పెద్దలకు వ్యవసాయం నేర్పిస్తామని పై నుంచి వచ్చిన పథకాలు చాలా చూశాం. మనం అట్లా పోకూడదు. ఇవ్వడానికే కాదు, అడగడానికి కూడా పోవాలి. "అవ్వా, మీ దగ్గర ఏముంది, మాకు నేర్పిస్తావా?" అని కూర్చోవాలి.

అందుకే మా ప్రతిపాదన. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి ఎట్లాగూ కలుస్తాం. ర్యాలీ తీస్తాం, డప్పు కొడతాం, ఫోటోలు దిగుతాం. ఈసారి నంద్యాలలో, ఆళ్ళగడ్డలో సభ జరిగే చోట ఒక పక్కన ఒక బల్ల వేద్దాం. వచ్చే ప్రతి ఒక్కరూ ఇంటి నుంచి ఒక పొట్లం గింజలు గానీ ఒక కొమ్మ గానీ తేవాలి. ఏమీ లేనోళ్ళు ఖాళీ చేతులతో రండి, సిగ్గు పడొద్దు, తీసుకోవడానికి కూడా మనుషులు కావాలి. అప్పటికి వానలు ఉంటాయి, కొమ్మలు నాటుకోవడానికి అదనే. షరతు ఒక్కటే: పిడికెడు తీసుకున్నోళ్ళు పంట వచ్చాక రెండు పిడికిళ్ళు ఇవ్వాలి. ఒకటి ఇచ్చినోళ్ళకు, ఇంకొకటి కొత్తోళ్ళకు. హాస్టల్‌లో ఉండేవాళ్ళు వార్డెన్ సార్‌ను అడిగి చేతులు కడిగే నీళ్ళు పోయే చోట నాలుగు మునగ కొమ్మలు నాటండి. మీరు పాసై వెళ్ళిపోయినా మీ జూనియర్లు ఆకు కోసుకుంటారు.

మీ ఇంట్లో ఏ గింజ ఉందో, మీకు ఏ గింజ కావాలో కింద రాయండి. ఎవరి ఊరు ఎవరికి దగ్గరో చూసి కలుపుదాం.

జై ఆదివాసీ. జై సేవాలాల్.