మన మాటకు మన గది

మాట మనిషికి దక్కిన మహద్భాగ్యం. ఆ మాట ఎవరి ఇంటి గుండా ప్రయాణిస్తున్నదో విచారించడం విద్యావంతుని ధర్మం.

నేడు మన విద్యార్థులు వినుకొండలో ఒకరు, నరసరావుపేటలో ఒకరు, మార్కాపురంలో ఒకరు కూర్చుండి జట్టుగా కంప్యూటరు ఆటలాడుతూ మాట్లాడుకుంటున్నారు. తెలుగు, ఉర్దూ కలగలిసిన ఆ సంభాషణలో స్నేహం పెరుగుతున్నది, సంతోషమే. అయితే ఆ మాటల గది మనది కాదు. 2015లో మొదలైన డిస్కార్డ్ వంటి అమెరికా సంస్థలు ఉచితంగా ఇచ్చిన విడిది అది. విడిదిలో నియమాలు యజమానివే. వయస్సు రుజువుకై వాడుకరులు సమర్పించిన గుర్తింపు పత్రాల చిత్రాలు, సుమారు 70,000 మందివి, తమకు పనిచేసే మరొక సంస్థ ద్వారా పరుల చేత పడి ఉండవచ్చునని 2025 అక్టోబరులో డిస్కార్డే ప్రకటించింది.

దీనికి ప్రత్యామ్నాయం లేకపోలేదు. 2005లో ఆరంభమైన మంబుల్ అనే సాఫ్ట్‌వేర్ ఆటగాళ్ల సంభాషణ కొరకే పుట్టింది. దాని కోడ్ బహిరంగం. ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, తమ కంప్యూటరులోనే సర్వరుగా నడుపుకొనవచ్చు. పాత కంప్యూటరొకటి చాలును. కళాశాల లోపలి నెట్‌వర్కులో ఇంటర్నెట్ లేకున్నను పనిచేస్తుంది. బయటి ఊళ్ల మిత్రులు చేరాలంటే మాత్రం ఇంటర్నెట్ కావాలి. కరెంటు పోతే గది మూతపడుతుంది. ఈ కష్టాలను దాచనక్కరలేదు.

మరొక సత్యం కూడ గ్రహించాలి. మంబుల్‌లో మాట దారిలో గుప్తంగానే సాగినను, సర్వరు నడిపేవాడు తలచుకుంటే వినగలడు. కనుక యజమాని మారినంత మాత్రాన భద్రత సిద్ధించదు. ఎవరు నడపాలి, ఎవరిని గదిలోనికి రానివ్వాలి, దుర్భాషకు ఏమి శిక్ష అన్న నియమాలను విద్యార్థులే అధ్యాపకుల సలహాతో వ్రాసుకోవాలి. తమ్మును తాము పాలించుకొనే విద్యకు ఇది తొలి పాఠం.

“ఆటలకు కళాశాల ఏల తోడ్పడాలి?” అని పెద్దలు అడుగవచ్చు. ఆట ముగిసిన పిదప అదే గదిలో వక్తృత్వ సాధన, ముషాయిరా అభ్యాసం, పరీక్షల ముందు సామూహిక పఠనం జరుగవచ్చును. సర్వరును నిలబెట్టిన విద్యార్థికి అబ్బే పనితనం ఉద్యోగానికీ అక్కరకు వస్తుంది.

ఈ వినుకొండలోనే 1895లో జన్మించిన జాషువా, తన ‘గబ్బిలం’ కావ్యంలో గుడిలోకి ప్రవేశం లేని అభాగ్యుని మొరను మోయడానికి గబ్బిలాన్ని దూతగా నిలిపారు. తన మాటను మోసే దూతను ఎన్నుకొనే హక్కు మాట్లాడేవానిదే. కమిటీ పెద్దలు ఈ ఏడాది ఒక కంప్యూటరును, ఒక మూల గదిని దయచేసి ఇప్పించగలరని ప్రార్థన. మిగిలిన శ్రమ విద్యార్థులది.