మన సిలబస్సూ, మన వెలివాడలూ

యీ మధ్య మన విశ్వవిద్యాలయాలలో ఒక మాట బాగా చెలామణి అవుతున్నది: బహుళ సంస్కృతుల దృక్పథం. సెమినారు ప్రారంభసభల్లో ఆ మాట వినిపిస్తుంది, సిలబసు మొదటి పేజీలో లక్ష్యాల కింద కనిపిస్తుంది. మంచి మాటే. మంచి మాట కనకనే దాన్ని అడ్డం పెట్టుకుని ఏమీ చేయకుండా కూర్చోవటం సులభమయింది. అధ్యాపకుడి చేతికి మాట అందుతున్నది గాని, రేపు ఉదయం పది గంటలకు తరగతిలో నిలబడి దానితో ఏం చేయాలో ఎవరూ చెప్పటం లేదు. నా ఫిర్యాదు అదే.

పరోపదేశం చేసే ముందు నా తప్పు చెప్పుకోవాలి. పదేళ్లుగా తెలుగు పాఠాలు చెపుతున్నాను. ఒక యేడు జాషువా "గబ్బిలం" చెప్పవలసి వచ్చింది. 1941లో వెలువడిన ఆ కావ్యంలో గుడిలోకి అడుగుపెట్టే అర్హత లేని మనిషి తన గోడు శివునికి విన్నవించమని గబ్బిలాన్ని వేడుకుంటాడు. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి వున్నది. ఇంతకన్న పదునైన వ్యంగ్యం మన సాహిత్యంలో అరుదు. నేనేం చెప్పాను? మేఘసందేశంతో పోలిక చెప్పాను, పద్యశిల్పం చెప్పాను, కరుణరసం చెప్పాను. "ఒకప్పుడు మన సమాజంలో అంటరానితనం వుండేది" అని ఉపోద్ఘాతం కూడా చెప్పాను. గంట మోగింది. వెనక బెంచీలో కూర్చునే ఒక కుర్రవాడు నా వెంట వరండాలోకి వచ్చి, "సార్, ఒకప్పుడు అన్నారు. మా వూళ్లో మా తాత డప్పు కొడితేనే జాతర మొదలవుతుంది. గుడి మెట్టు మాత్రం మేం యీనాటికీ ఎక్కం" అన్నాడు. కోపంగా అనలేదు. లెక్క తప్పు వేసిన మాస్టారికి తప్పు చూపించినట్టు అన్నాడు.

మరునాడు నేను ఇంకా పెద్ద తప్పు చేశాను. ఆ కుర్రవాణ్ణి లేపి, "నీ అనుభవం తరగతికి చెప్పు" అన్నాను. అరవై మంది వెనక్కి తిరిగి అతని వంక చూశారు. అతను రెండు మాటలేవో చెప్పి కూర్చున్నాడు. వారం రోజులు కళాశాలకు రాలేదు. అది బహుళ సంస్కృతుల దృక్పథమేననీ, ఉదార భావంతోనే చేస్తున్నాననీ నేను అనుకున్నాను! నిజానికి నేను చేసింది ఒక మనిషిని మ్యూజియంలో వస్తువులాగా నిలబెట్టటం. నాకు ఎం.ఏ. పట్టా వున్నది. రసం ఎన్ని విధాలో చెప్పగలను. ఆ కుర్రవాడి ఎదుట ఎట్లా నిలబడాలో మాత్రం నాకెవరూ నేర్పలేదు.

నేర్పటానికి సంస్థలు లేక కాదు. 1986 జాతీయ విద్యావిధానం దరిమిలా విశ్వవిద్యాలయ అధ్యాపకుల శిక్షణకని అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వెలిశాయి. 2015లో వాటికి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలని పేరు మారింది. 2023లో మాలవీయ పేరు పెట్టారు. పేరు రెండుసార్లు మారింది. నేను హాజరయిన రిఫ్రెషర్ కోర్సులో బహుళ సంస్కృతులకు కేటాయించింది ఒక మధ్యాహ్నం. ఒక పెద్దాయన వచ్చి భిన్నత్వంలో ఏకత్వాన్ని గురించి గంటన్నర మాట్లాడారు. టీ ఇచ్చారు. సంతకాలు తీసుకున్నారు. ప్రమోషనుకు పనికివచ్చే సర్టిఫికెట్టు చేతికి వచ్చింది. కుర్రవాడి ప్రశ్న మాత్రం అట్లాగే మిగిలిపోయింది.

ఇక్కడ రెండు రకాల మిత్రులు నాకు అడ్డు తగులుతారు.

మొదటివారు సాహిత్యశుద్ధివాదులు. "సాహిత్యానికి కులమేమిటి, మతమేమిటి? మంచి కవిత్వం ఎవరు రాస్తే వారిది సిలబసులోకి వస్తుంది" అంటారు. అట్లాగా? ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో "రాధికాసాంత్వనము" రాసింది. వీరేశలింగం గారంతటి సంస్కర్తకే అందులోని భాగాలు స్త్రీ నోట రాదగనివిగా తోచాయి. అటువంటి శృంగారం పురుషకవులు రాస్తే ప్రబంధమయింది! బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి 1910లో అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. నిషేధం తొలగటానికి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. "మంచి కవిత్వం తనంతట తానే వస్తుంది" అనే వారు యీ కావ్యం నడిచిన దారి చూడాలి. అది తనంతట తాను రాలేదు; ఒక స్త్రీ పూనుకుని తెచ్చింది.

ఇంకొక ఉదాహరణ. తెలంగాణాలో తెలుగు కవులే లేరనే మాట ఒకప్పుడు అచ్చయింది. సురవరం ప్రతాపరెడ్డి దానికి జవాబుగా ఉపన్యాసం ఇవ్వలేదు. 354 మంది కవులను సేకరించి "గోలకొండ కవుల సంచిక" వెలువరించాడు. లేరన్న మాటకు అర్థం "మేము వెదకలేదు" అని. యీనాడు ముస్లింల తెలుగు కవిత్వం ఎక్కడుందని అడిగే అధ్యాపకుడు ఖాదర్ మొహియుద్దీన్ "పుట్టుమచ్చ" చదివి వుండడు. దళిత కవిత్వంలో కవిత్వం ఎంత అని అడిగే ఆచార్యుడు 1995లో వచ్చిన "చిక్కనవుతున్న పాట" తెరిచి చూసి వుండడు. చదివి కాదంటే వాదించవచ్చు. చదవకుండా కాదనేవారితో వాదం ఎట్లా కుదురుతుంది?

రెండవవారు మరింత ప్రమాదకరమైన వారు. ఎందుకంటే వారు మనవైపువారు. "పాఠ్యాంశంగా పెట్టాం గదా, ఇంకేం కావాలి?" అంటారు. ఎక్కడ పెట్టారు? నేను చెప్పే పేపరులో ఐదవ యూనిట్‌లో. స్త్రీలూ, దళితులూ, ముస్లిములూ, ఆదివాసులూ అందరూ ఒకే యూనిట్‌లో, ఇరుకింట్లో నాలుగు కాపురాల్లాగా. మొదటి నాలుగు యూనిట్లూ అయ్యేసరికి పరీక్షలు వస్తాయి. ఐదవది "ఇంటి దగ్గర చదువుకోండి" అవుతుంది. ఊరికి వెలివాడ ఎట్లా వుంటుందో సిలబసుకు ఐదవ యూనిట్ అట్లా వున్నది. మనం, అభ్యుదయవాదులం, చాలాకాలం వర్గం మాట ఒక్కటే మాట్లాడి కులాన్నీ, స్త్రీలనూ ఐదవ యూనిట్‌లోనే వుంచాం. యీ పాపంలో మన వాటా మనం ఒప్పుకోవాలి.

మరి అధ్యాపకుడికి ఎట్లాంటి సహాయం కావాలి? దీనికి మన చరిత్రలోనే జవాబులున్నాయి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. చుట్టుపక్కల కొండల్లో సవరలున్నారు. వారిని గురించి ఉపన్యాసం విని ఆయన తృప్తిపడలేదు. వారి దగ్గర వారి భాష నేర్చుకున్నాడు, బడులకోసం పాటుపడ్డాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ముందు తాను విద్యార్థి అయ్యాడు, తర్వాతనే గురువు అయ్యాడు. అట్లాగే, 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము హతుడైన తర్వాత నిజాం ప్రభుత్వానికి గోండుల సంగతి పట్టించుకోక తప్పలేదు. హైమెన్‌డార్ఫ్ పూనికతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలయింది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. పాలకుల అవసరం ఏదైనా కానివ్వండి, పని జరిగిన తీరు గమనించండి. భాష, పుస్తకం, ఆ జనంలోని మనిషి: యీ మూడూ ఉపాధ్యాయుడికి ఒకేసారి అందాయి. అటువంటి ప్రయత్నం విశ్వవిద్యాలయం మెట్లు ఎక్కలేదు. ఆదిలాబాదు జిల్లా గుంజాలలో గోండీ లిపి రాతప్రతులున్నాయని తెలుగు ఎం.ఏ. అయిన నేను పత్రికలో చదివి తెలుసుకున్నాను!

కనక నేను కోరేది నాలుగు సంగతులు. ఒకటి: శిక్షణ తరగతుల్లో ఉపన్యాసం తగ్గించి పాఠం చెప్పించండి. ఒక అధ్యాపకుడు "గబ్బిలం" చెప్పాలి, తోటివారు వినాలి, ఎక్కడ తడబడ్డాడో విప్పిచూడాలి. రెండు: జాంబపురాణం గురించి మాకు చెప్పటానికి ఆచార్యుణ్ణి కాదు, చిందు కళాకారుణ్ణి పిలవండి; ఆచార్యుడికి ఇచ్చే పారితోషికమే ఆయనకూ ఇవ్వండి. మూడు: పుస్తకాలు లైబ్రరీకి తెప్పించండి, పరీక్షలో ప్రశ్న మార్చండి. "గబ్బిలంలోని కరుణరసమును వివరింపుము" అన్న ప్రశ్న వున్నంతకాలం పాఠం అంతకు మించి కదలదు. నాలుగు: గంటల లెక్కన జీతం తీసుకునే గెస్టు లెక్చరరుకు కూడా శిక్షణకాలానికి జీతం ఇవ్వండి. కొత్త చూపు తెచ్చుకోమని చెప్పి, తెచ్చుకున్న రోజుకు కూలి కోస్తామంటే ఎవరు వస్తారు?

వీటన్నిటికన్న ముఖ్యమైనది నేను ఆ కుర్రవాడివల్ల నేర్చుకున్నాను. అతను తిరిగి వచ్చిన తర్వాత నేను మళ్లీ "గబ్బిలం" ఎత్తుకున్నాను. ఈసారి ఎవరినీ లేపలేదు. అందరికీ ఒకే ప్రశ్న ఇచ్చాను: "మీ వూళ్లో గుళ్లోకి ఎవరు వెళతారు, ఎవరు బయట నిలబడతారు? శ్మశానాలు ఎన్ని?" పేర్లు లేకుండా రాసి ఇమ్మన్నాను. నేనూ రాశాను. మా వూరి గుడి మెట్లు నేను ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. అది ఒక హక్కని ముప్పయ్యేళ్లు వచ్చేదాకా నాకు తట్టలేదని రాసి, అది మొదట చదివాను. తర్వాత తక్కిన కాగితాలు చదివాం. ఒక కాగితం మీద, "మా వూళ్లో రెండు శ్మశానాలని ఇంటికి ఫోను చేసి అడిగితే గాని తెలియలేదు" అని వున్నది. ఆ రోజు ఎవరూ వెనక్కి తిరిగి ఆ కుర్రవాడి వంక చూడలేదు. ఎవరి కాగితం వంక వారు చూసుకున్నారు.

బహుళ సంస్కృతుల దృక్పథమంటే "వారి" సంస్కృతిని "మనం" సానుభూతితో చూడటం కాదు. మనం నిలబడి చూస్తున్న చోటు కూడా ఒక వీధే, ఒక కులమే, ఒక మతమే అని తెలుసుకోవటం. అధ్యాపకుడికి ముందు కావలసిన సహాయం ఇదే. ఇది సర్టిఫికెట్టుతో రాదు. దీనికి సమయం, పుస్తకం, జీతం, తప్పు ఒప్పుకోగలిగే తోటివారి సభ కావాలి. అవి ఇవ్వని విశ్వవిద్యాలయం తన సిలబసు మొదటి పేజీలోని ఆ మంచి మాటను కొట్టివేయటం మేలు. కనీసం అబద్ధం తగ్గుతుంది.