కొండోళ్ళ బుర్ర అంతేనా?

"కొండోళ్ళ బుర్రలింతే. ఎంత చెప్పినా ఎక్కదు."

ఆశ్రమ పాఠశాలలో చదివిన మాలో ఈ మాట వినని వాళ్ళు లేరు. ఇప్పుడు మాలో కొందరం టీచర్లమయ్యాం. స్టాఫ్ రూములో మాట కాస్త మారింది. "పాపం, వీళ్ళకి కాన్సంట్రేషన్ ఉండదు సార్" అంటున్నారు. మర్యాద పెరిగింది, తీర్పు అదే. బడి దాటి బయటికొస్తే ఇంకో తీర్పు సిద్ధంగా ఉంటుంది. మన కుర్రాడు ఎవరితోనూ మాట్లాడకుండా మూల కూర్చున్నా, చిన్నదానికి మండిపడ్డా, ఇరవై ఏళ్ళకే సారాకి అలవాటుపడ్డా అది 'ఆ జాతి స్వభావం' అయిపోతుంది.

మనిషి మనసు కుంగిపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. భూమి పోవడం, అప్పు, అవమానం. వీటి మీద మనవాళ్ళు రాశారు, రాస్తున్నారు. తక్కువగా మాట్లాడుకున్నది తల్లి కడుపులో ఉన్నప్పటి ఆకలి గురించి, పాలు తాగే వయసులో పడిన పస్తుల గురించి. ఆ ఆకలి కడుపుతో పోదు, మనసులో గుర్తు వదిలి వెళ్తుంది. ఇది మేం బాధతో అంటున్న మాట కాదు, మనలాంటి జాతి కాని వాళ్ళ మీద కూడా రుజువైన మాట.

1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం నెదర్లాండ్స్ పశ్చిమ ప్రాంతానికి ఆహారం రాకుండా అడ్డుకుంది. తిండికి లోటులేని దేశం. కొన్ని నెలల్లోనే మనిషికిచ్చే రేషను రోజుకి వెయ్యి కేలరీల కిందికి పడిపోయింది. ఆ కరువు ముదిరినప్పుడు కడుపున పడిన బిడ్డలు పెద్దయ్యాక లెక్క తీస్తే, స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు మిగతావాళ్ళకంటే దాదాపు రెట్టింపుగా కనిపించింది. చైనాలో 1959-61 కరువు తర్వాత ఆన్హుయ్ రాష్ట్రంలో చూసినా అదే. 1959లో పుట్టినవాళ్ళలో ఆ జబ్బు 0.84 శాతం, 1960లో పుట్టినవాళ్ళలో 2.15 శాతం. డచ్చివాళ్ళది ఏ జాతి స్వభావం? చైనా రైతుది ఏ రక్తం?

అంత పెద్ద కరువే రానక్కర్లేదు. రోజువారీ రక్తహీనత చాలు. కోస్టారికాలో పసితనంలో ఇనుము బాగా తగ్గిన పిల్లలకి మందిచ్చి రక్తం బాగుచేశారు. పదేళ్ళు దాటాక చూస్తే, తల్లిదండ్రులు, టీచర్లు ఆ పిల్లల్లో దిగులు, భయం, శ్రద్ధ నిలవకపోవడం ఎక్కువగా ఉన్నాయని చెప్పారు. రక్తం బాగైంది కానీ ఆ లోటు పూర్తిగా పూడలేదు. బార్బడోస్ దీవిలో మొదటి ఏడాది తిండి అందక చిక్కిపోయిన పిల్లలు తర్వాత ఎత్తు, బరువు అందుకున్నారు. చూడ్డానికి తేడా లేదు. కానీ శ్రద్ధకి సంబంధించిన ఇబ్బంది నలభై ఏళ్ళ వయసు దాకా వెంట వచ్చింది. మన ఇంటికొస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 35 మంది గిడసబారి ఉంటే, గిరిజన పిల్లల్లో దాదాపు 41 మంది. ఎత్తు కొలిచారు సరే, ఆ పిల్లల మనసుని కొలిచినదెవరు?

మన ముసలమ్మల్ని అడగండి. చోడి అంబలి, సామన్నం, కందులు, వలిసెలు, వానాకాలం వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, అడవి దుంపలు, ఇప్పపువ్వు. ఏడాదిలో ఆకలి నెలలు అప్పుడూ ఉన్నాయి, లేవని అబద్ధం చెప్పం. కానీ ఆ నెలల్లో అడవి ఉండేది. అడవికి కంచె వేశారు, పోడుకి కేసు పెట్టారు, కొండ మీద టేకు, యూకలిప్టస్ నాటారు. బదులుగా కోటా బియ్యం ఇచ్చారు. కడుపు నిండుతుంది, రక్తం పట్టదు. ఇప్పపువ్వు అంటే సారాయేనని ఎక్సైజువాళ్ళు ఇన్నాళ్ళూ మనల్ని వేధించారు. ఇప్పుడు ఉట్నూరులో మన ఆడవాళ్ళే ఇప్పపువ్వు లడ్డూలు చేస్తుంటే అంతా మెచ్చుకుంటున్నారు. సంతోషమే. అది తిండేనని అవ్వ ముందే చెప్పింది కదా!

మన తప్పు కూడా ఒప్పుకుందాం. కడుపుతో ఉన్నదాన్ని ఎక్కువ తిననివ్వొద్దు, బిడ్డ పెరిగితే కాన్పు కష్టమవుతుందని మన ఇళ్ళలోనే అంటారు. డోలీలో మోసుకెళ్ళాల్సిన ఊళ్ళో కాన్పు అంటే భయం, ఆ భయంలోంచే ఈ మాట పుట్టిందని మాకు తెలుసు. అయినా మాట తప్పే. మగాళ్ళు తిన్నాక మిగిలింది కోడలు తినడం, నెలలు నిండేదాకా కట్టెలు మోయడం, పదిహేడేళ్ళకే తల్లి కావడం, వీటిని ఆచారమని కాపాడుకుంటే రేపు సర్కారుని అడిగే నోరు మనకుండదు.

సర్కారుని మాత్రం గట్టిగా అడగాల్సిందే. 2013 ఆహార భద్రత చట్టం గర్భిణికీ బాలింతకీ అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనం, 6000 రూపాయలకి తగ్గని ప్రసూతి సాయం హక్కు అంది. 2017లో కేంద్ర పథకం వచ్చేసరికి అది 5000 అయింది, అదీ మొదటి కాన్పుకే. తర్వాత రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఇస్తామన్నారు. రెండో కడుపులో మగబిడ్డ ఉంటే తల్లికి ఆకలి వెయ్యదా? తెలంగాణలో 2015 నుంచి అంగన్‌వాడీలోనే గర్భిణికి అన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టే పథకం ఉంది. మంచిదే. కానీ కేంద్రం వాగుకి అవతల ఉంటే ఎనిమిదో నెల మనిషి రోజూ దాటి వెళ్ళగలదా? ఇంటికిచ్చిన రేషను ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. ఆకలి అందరిదీ కాబట్టి.

ఇక్కడ ఒక భయం మాకుంది. మేం రాసింది చదివి రేపు ఇంకొకాయన, "అయితే ఈ పిల్లలు కడుపులోనే పాడైపోయారన్నమాట, ఇక చదువెందుకు" అనొచ్చు. అనడానికి వీల్లేదు. ఆన్హుయ్ కరువులో పుట్టినవాళ్ళలో కూడా నూటికి తొంభై ఏడుగురికి పైగా ఆ జబ్బు రాలేదు. జమైకాలో ఇంకా మంచి సంగతి తెలిసింది. గిడసబారిన పసిపిల్లల ఇళ్ళకి ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట, రెండేళ్ళపాటు వెళ్ళారు. ఇంట్లో దొరికే సామానుతో బొమ్మలు చేసి, బిడ్డతో ఎలా ఆడాలో, ఏం మాట్లాడాలో తల్లులకి చూపించారు. ఆ పిల్లలకి పదిహేడేళ్ళ వయసులో దిగులు, ఆందోళన తక్కువ, తమ మీద తమకి గౌరవం ఎక్కువ. ఒట్టి పాలపొడి మాత్రమే ఇచ్చిన పిల్లల్లో ఆ తేడా కనిపించలేదు.

అంటే గుడ్డుతోపాటు మాట కూడా కావాలి. ఏ మాట? కువి, కోయ, గోండి, సవర. బిడ్డ భాష రాని మనిషిని అంగన్‌వాడీలో పెట్టి, బిడ్డ మాట్లాడటం లేదని రిజిస్టరులో రాస్తే ఎలా? టీచర్లుగా మేం కూడా వెనక బెంచీ పిల్లాడికి 'మొద్దు' అని పేరు పెట్టేముందు వాళ్ళ అమ్మని అడగాలి: వీడు కడుపులో ఉన్నప్పుడు నీకు రక్తం ఎంతుంది, ఏం తిన్నావు అని.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, వచ్చే గ్రామసభకి మీ గూడెం అంగన్‌వాడీ రిజిస్టరు తెప్పించండి. గుడ్ల లెక్కలో రాసిన సంఖ్య ఒక పక్క, ఆ నెల కడుపుతో ఉన్న మీ అక్కో వదినో చెప్పిన సంఖ్య ఇంకో పక్క రాసి, అందరి ముందు చదవండి. మా ఊళ్ళలో మేం మొదలుపెట్టాం.