ఫార్మాట్ మాట ఇప్పుడే ఎత్తకండి

అప్‌డేట్ అయ్యాక కంప్యూటర్ లేవకపోతే మా చిట్గుప్పలో మొదట వినబడేది ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అనే మాట. నాకు ఆ మాటంటే భయం. అందులో పెళ్లి ఫొటోలుంటాయి, పహాణీల స్కాన్లుంటాయి, ఏళ్లనాటి దుకాణం లెక్కలుంటాయి. 2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్ ఫైలుకు ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర మీదే ఆగిపోయాయి. మనకు దగ్గరి శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. ఆ ఫైలును 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు గానీ, అప్పటికే పడిపోయిన వాటిలో చాలావాటిని మనుషులే ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలు తీసేసి లేపారు. ఫార్మాట్ అక్కర్లేదు! బాగుచేసే తమ్ముళ్లూ, మీరూ ముందు ఆ దారి చూడండి. విండోస్ మొదలవుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి రెండు మూడుసార్లు ఆపితే రిపేర్ తెర వస్తుంది. ట్రబుల్‌షూట్‌లోకి వెళ్తే చివరి అప్‌డేట్‌ను తీసేయొచ్చు. అదీ కుదరకపోతే ఫైళ్లు వేరే డ్రైవులోకి తీశాకే ఫార్మాట్. బిట్‌లాకర్ అనే డిస్క్ తాళం ఉంటే మాత్రం 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. దాన్ని అదే కంప్యూటర్‌లో దాచుకుంటే ఏం లాభం? మా అమ్మాయి లాప్‌టాప్ కీ రేషన్ కార్డు పెట్టే సంచిలో ఉంది, నోటుబుక్కు కాగితం మీద, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది ముక్కలుగా, నా చేతిరాతలో.