ఇచ్చిన మాటకూ లెక్క ఉండాలి

బీరువా నిండుగా కనిపించినంత మాత్రాన సరుకు సమృద్ధిగా ఉన్నదని భావించడం పొరపాటని మా అభిప్రాయం. మన సహకార దుకాణంలో 200 నోటు పుస్తకాలున్నాయనుకుందాం. నిల్వ 50కి తగ్గితే కొత్త ఆర్డరు పంపాలని నియమం. అయితే 160 పుస్తకాలకు వసతిగృహ విద్యార్థుల వద్ద ముందే సొమ్ము తీసుకుని రసీదులిచ్చి ఉంటే, నిజంగా మిగిలినవి 40 మాత్రమే. ఆర్డరు నేడే వెళ్ళాలి. పంపిణీ ముగిశాక మేల్కొంటే, సరుకు చేరేలోగా ఎందరో విద్యార్థులు వట్టి చేతులతో మరలిపోవలసి వస్తుంది.

1913లో అమెరికా ఇంజనీరు ఫోర్డ్ హారిస్ ప్రకటించిన సూత్రం ఒక్కసారికి ఎంత తెప్పించాలో చెబుతుంది. ఎప్పుడు తెప్పించాలో నిర్ణయించేటప్పుడు మన వాగ్దానాలనూ లెక్కించాలి. కనుక నిల్వ పుస్తకంలో 'ఉన్నది', 'రావలసినది', 'ఇవ్వవలసినది' అనే మూడు గళ్ళు గీయించాలని కమిటీ పెద్దలకు మా మనవి. మొదటి రెండింటిని కూడి, మూడవదానిని తీసివేయగా మిగిలేదే అసలు నిల్వ.