నంబరు లేని బండి

కొత్తగా కారు కొన్నవాళ్లు ఏం చేస్తారు? చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, గుడికి తీసికెళ్లి, దర్జాగా తోలుకుంటూ ఇంటికొస్తారు. మా మిత్రుడు కొన్న కారుకు ఆ యోగం లేదు. అది రేసు కారు! నంబరు ప్లేటు లేదు, లైట్లు లేవు, హారన్ లేదు, ఆర్సీ అసలే లేదు. రోడ్డెక్కితే నేరం. కొన్నదేమో కోయంబత్తూరులో, ఇల్లేమో హైదరాబాదు కృష్ణానగర్‌లో. మధ్య తొమ్మిది వందల పైచిలుకు కిలోమీటర్లు.

ఈ మిత్రుణ్ణి మీరు చాలా సినిమాల్లో చూశారు. చూశారు గానీ గుర్తుపట్టలేరు. హీరోగారు కారుతో గోడ బద్దలు కొట్టుకొస్తారే, ఆ నాలుగు సెకన్లూ స్టీరింగు దగ్గర ఉండేది ఇతనే. పేరు రాయొద్దన్నాడు, రాయను. ఓ ఛేజింగు సీన్లో ఎడమ మోకాలు విరిగితే లోపల ప్లేటు వేశారు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు ఇద్దరం కలిసే చూశాం. ఆ రోజంతా మనిషి మాట్లాడలేదు. జులైలో ఫోను. “గురూ, కోయంబత్తూరు వస్తావా? బండి తెచ్చుకోవాలి.”

కోయంబత్తూరే ఎందుకంటారా? మన దేశంలో రేసు కార్లకు అది పుట్టిల్లులాంటిది. 1995లో విమాన ప్రమాదంలో పోయిన కరివర్ధన్ మారుతి ఇంజన్లతో, మనవాళ్లకు అందే ధరలో రేసు కార్లు తయారుచేయించింది అక్కడే. ఊరి బయట ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. మనవాడు కొన్నదీ ఆ జాతి బండే. ఒక్కడే కూచోవాలి, పైకప్పు ఉండదు, చక్రాలు నాలుగూ బయటికే కనిపిస్తాయి. ఇద్దరి చేతులు మారి వచ్చిన సరుకు. అమ్మినాయన “రెండు రౌండ్లు కొట్టి చూసుకోండి” అన్నాడు. మనవాడు వద్దన్నాడు. కనీసం లోపల కూచోనైనా లేదు! డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాడు. నాకు వింతగానే తోచింది.

ఎక్కించడం ఓ ప్రహసనం. దాని పొట్టకీ నేలకీ సందు రెండు మూడు అంగుళాలే. మామూలు చెక్క వేసి తోస్తే వ్యాను అంచుకు పొట్ట గీసుకుంటుంది. పొడుగాటి చెక్కలు తెప్పించి, ఏటవాలు తగ్గించి, పద్నాలుగడుగుల డీసీఎంలోకి తోశాం. పెట్రోలు తోడేసి, ముక్కూ రెక్కలూ ఊడదీసి బొంతల్లో చుట్టాం. క్లీనరు కుర్రాడు చక్రాల దగ్గర సన్నటి కడ్డీలకు తాడు వేయబోతే మనవాడు గావుకేక పెట్టాడు. ఆ కడ్డీలు వంగితే బండి పని సరి! పట్టీలు చక్రాలకే బిగించాలట.

పొద్దున తొమ్మిదింటికి బయల్దేరాం. సేలం దాటాక తొప్పూరు ఘాటు, పైగా వాన. ఎగువకి ఎక్కుతుంటే వెనక పట్టీలు కిర్రుమంటున్నాయి. మనవాడు డీసీఎం ఆపించి వెనక్కి వెళ్లి, బెంగుళూరు దాకా టైరు మీద చెయ్యేసి కూచున్నాడు.

రాత్రి సరిహద్దు చెక్‌పోస్టులో ఆపారు.

“ఆర్సీ ఏదయ్యా?”

“ఇది బండి కాదు సార్, సరుకు.”

“నాలుగు చక్రాలున్నాయి, బండి కాదంటావేం?”

అమ్మకం కాగితం చూపించాం, ఛాసిస్ నంబరు చూపించాం. గంట గడిచింది. చివరికి ఆయనే “ఏ సినిమాకయ్యా?” అన్నాడు. మా డ్రైవరు తడుముకోకుండా ఓ పెద్ద హీరోగారి పేరు చెప్పాడు. వెంటనే వదిలేశారు! నేను నవ్వాను. మనవాడు నవ్వలేదు.

గుత్తి దగ్గర దాబాలో రొట్టె తింటూ అప్పుడు చెప్పాడు. ప్లేటు తీయించుకోవడానికి దాచిన డబ్బేనట అది.

“మరి ఒక్కసారి కూచుని చూడొద్దూ?”

“మోకాలు మడవకపోతే? అక్కడే తెలిసిపోతే కొనను గదా గురూ.”

నాకు రొట్టె దిగలేదు. సికింద్రాబాదులో పుట్టిన అజిత్ 2010లో ఫార్ములా టూలో పోటీ చేసినప్పుడు పత్రికల్లో వచ్చినవన్నీ కత్తిరించి దాచుకున్నవాణ్ణి నేను. డూపు రేసుకు దిగితే ఎవరు వేస్తారు చెప్పండి? అందుకే ఈ వారం ఈ కాలమ్ ఇతనికిచ్చాను.

తెల్లవారుజామున అయిదున్నరకు కృష్ణానగర్. సందులోకి డీసీఎం పట్టదు. షూటింగు బస్సుల కోసం నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టులు చుట్టూ మూగారు. చెక్కలు వేసి దింపడానికి చేతులు కలిపారు. “ఏ కంపెనీ ప్రాపర్టీ అన్నా?” అని ఒకడు.

“నాదే,” అన్నాడు మనవాడు.

తోస్తే స్టీరింగు పట్టేవాడు ఉండాలి గదా. సీటు మీద నిలబడి, మెల్లిగా కిందికి జారి, కుడికాలు చాపాడు. ఎడమకాలు రెండు చేతులతో పట్టి లోపలికి దించుకున్నాడు. పదిమందీ తోశారు. బండి సందులో కదిలింది. నేను పక్కన నడుస్తూ వంగి చూశాను.

“క్లచ్ అందిందా?”

కాసేపు పలకలేదు. మలుపు తిప్పాక అన్నాడు:

“కాలు సగమే మడుస్తోంది. పెడలు రెండంగుళాలు ముందుకి జరపాలి. మెకానిక్కుని పిలువు గురూ.”