పాత బ్యాటరీకి ఎక్కువ రేటు.. ఆ మూల్యం చెల్లించేది పిల్లలే!

బైక్, కారు, ఇన్వర్టర్.. ఏ బ్యాటరీ పాడైనా చాలామంది చూసేది ఒక్కటే. పాతదానికి ఎవరు ఎక్కువిస్తారు? డీలర్ కన్నా పాత సామాన్ల వ్యాపారి నాలుగు రూపాయలు ఎక్కువిస్తే బ్యాటరీ అటే వెళ్తుంది. అసలు సమస్య అక్కడే మొదలవుతోంది.

ఎందుకంత గిరాకీ?
ఈ బ్యాటరీల బరువులో సగానికి పైగా సీసమే. ఎన్నిసార్లు కరిగించి శుద్ధి చేసినా మళ్లీ పనికొస్తుంది. అనుమతులున్న ఫ్యాక్టరీ అయితే యాసిడ్‌ను శుద్ధి చేయాలి. పొగను ఫిల్టర్లతో ఆపాలి. మిగిలిన మడ్డిని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. ఇదంతా ఖర్చే! ఊరి చివర షెడ్డులో ఇవేవీ ఉండవు. బ్యాటరీని పగలగొట్టి, యాసిడ్ నేలపై పారబోసి, సీసాన్ని బట్టీలో కరిగించేస్తారు. అలా మిగిలిన ఖర్చే 'ఎక్కువ రేటు'గా అమ్మేవాళ్ల చేతికి వస్తోంది.

ఎవరికి నష్టం?
సెనెగల్ రాజధాని డకార్ శివార్లలో 2007-08లో ఇలాంటి పనుల వల్లే సీసం విషమై 18 మంది చిన్నారులు చనిపోయారు. పెద్దలతో పోలిస్తే పిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువ సీసాన్ని పీల్చుకోగలదు. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రక్తంలో ఇంతవరకు ఉంటే ఫర్వాలేదు అనే స్థాయే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం ఆందోళనకర స్థాయిలో ఉంది. బ్యాటరీలను ఇష్టారాజ్యంగా కరిగించడం దీనికి ప్రధాన కారణాల్లో ఒకటని ఆ నివేదికే చెప్పింది.

రూల్స్ ఉన్నాయి.. కానీ!
2001 నాటి నిబంధనల స్థానంలో కేంద్రం 2022లో కొత్తవి తెచ్చింది. పాత బ్యాటరీలను సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీ కంపెనీలదే. కంపెనీలు, రీసైక్లర్లు రిజిస్టర్ కావాల్సిందే. అయితే ఇక్కడే చిక్కు. రిజిస్టర్ అయినవాళ్ల లెక్కలే పోర్టల్‌లో కనిపిస్తాయి. షెడ్డుకు చేరిన బ్యాటరీ ఏ లెక్కలోనూ ఉండదు.

షెడ్లను మూయించినంత మాత్రాన సరిపోదు. రేటులో తేడా ఉన్నంతకాలం ఒకచోట మూస్తే ఇంకోచోట బట్టీ వెలుగుతుంది. డీలర్ దగ్గర ఎక్స్ఛేంజ్‌కు షెడ్డు రేటుకు తగ్గకుండా డబ్బు వచ్చేలా కంపెనీలే ఆ తేడా భరించాలి. అప్పుడే బ్యాటరీ సరైన దారిలో వెళ్తుంది. లేదంటే అమ్మినవాళ్లకు మిగిలేది నాలుగు రూపాయలు.. బట్టీ పక్కన ఆడుకునే పిల్లలకు మిగిలేది జీవితాంతం పోని నష్టం.